ఏడు చేపల కథను స్టీమ్‌పంక్‌గా రాసేటప్పుడు గేర్లు అతికించినట్టు కనిపించకుండా ఉండాలంటే?

మహారాష్ట్రలో ప్రాణహిత ఒడ్డునున్న సిరోంచ నేపథ్యంలో ఏడు చేపల కథను మాయజీవులతో, తిరుగుబాటుతో స్టీమ్‌పంక్‌గా, అంటే ఆవిరి యంత్రాలే రాజ్యమేలే ఊహాకథగా మళ్లీ రాస్తున్నానని, ఇత్తడి చక్రాలూ పొగగొట్టాలూ మాత్రం అలంకారంలా మిగిలిపోతున్నాయని అడిగారు. అసలు ఆ కథే ఒక యంత్రం. చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పాప, చీమ అని ఏడు చక్రాలు. ఒకటి ఆగితే పక్కది ఆగుతుంది. ఇది సమ్మె కాక మరేమిటి? తిరుగుబాటును బయటినుంచి తెచ్చిపెట్టనక్కర్లేదు.

ముందు గేర్ల లెక్క సరిచూసుకోండి. ఏడింటినీ వరసగా తగిలిస్తే మధ్యలోని అయిదూ తిరిగే దిక్కును మారుస్తాయే గానీ వేగాన్ని మార్చవు. వేగం మొదటి, చివరి గేర్ల పళ్లను బట్టే ఉంటుంది. ఇంజను తిప్పే చీమ గేరుకు 12 పళ్లు, చేపలు ఎండబెట్టే పందిరి గేరుకు 120 పెడితే చీమ పది చుట్లకు పందిరిది ఒక్క చుట్టు. ఏడు బేసి కాబట్టి రెండూ ఒకే వైపు తిరుగుతాయి. ఇలా వదిలేస్తే అవ్వా పాలేరూ ఉత్త మధ్యవాళ్లే. వాళ్లకు బలం కావాలంటే ఒక్కొక్కరి ఇరుసు మీద పెద్దదీ చిన్నదీ రెండేసి గేర్లు బిగించండి. ముందరి 12 పళ్ల గేరు అవ్వ 48 పళ్ల గేరును తిప్పితే వేగం నాలుగో వంతుకు పడుతుంది, తిప్పే బలం రాపిడి పోను నాలుగింతలవుతుంది. అప్పుడు అవ్వ బువ్వ పెట్టననడానికి ఒక బరువుంటుంది.

చీమ ఏం చేస్తుందో కూడా తేల్చుకోవాలి. గేరులో ఇరుక్కుంటే వరస మొత్తం బిగుసుకుంటుంది, ఇంజను నిలిచిపోతుంది, వాడకం లేని ఆవిరి పెరిగి సేఫ్టీ వాల్వు తెరుచుకుంటుంది. గేరు పన్ను విరగ్గొడితే పందిరి ఆగుతుంది గానీ, భారం పోయిన ఇంజను అదుపు తప్పి పరుగెత్తుతుంది. మొదటిది సమ్మె, రెండోది విధ్వంసం. చాలామంది రెండింటినీ కలిపేసి పేలుడుతో ముగిస్తారు, అక్కడే కథ చప్పబడుతుంది.

కాలం 1860లు పెట్టుకోండి. గోదావరి, ప్రాణహితల మీదుగా పడవల దారి వేయాలని దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవల్‌మర్రి దగ్గరి రాతి అడ్డంకులను దాటించే పనులు నడిచిన రోజులవి. 1871లో ఆ పనులు మానేశారు. నది నిండుగా ఉండే నెలల్లోనే ఆవిరిపడవ నడుస్తుంది, ఆ నెలల్లోనే ఎండ ఉండదు. చేప ఎందుకు ఎండలేదన్న ప్రశ్నకు అసలు బలం ఇక్కడుంది. రాజకొడుకులు బాయిలర్ వేడితో చేపలు ఎండబెట్టుకోవడం సహజంగా కుదురుతుంది.

బాయిలర్‌కు చదరపు అంగుళానికి 60 నుంచి 100 పౌన్ల ఒత్తిడి చాలు. వరద నీటిలో బురద ఎక్కువ. అడుగు వాల్వు తెరిచి మధ్యమధ్య కక్కించకపోతే ఒండ్రు పేరుకుని రేకు కాలిపోతుంది, నీరు నురగెత్తి సిలిండర్లోకి కొట్టుకొస్తుంది. కట్టె మండిస్తే బొగ్గుకన్నా బరువులో దాదాపు రెట్టింపు పడుతుంది, అంటే అడవి తరుగుతుంది. పొయ్యి ఇటుకల సందులు మెత్తడానికి పుట్టమన్ను తవ్వారనుకోండి. నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అనడానికి చీమకు అంతకన్నా కారణం వద్దు. (నిజానికి పుట్ట కట్టేవి చెదలు, చీమలు తర్వాత చేరతాయి. కథలో ఈ పేచీని కూడా వాడుకోవచ్చు.)

మాయజీవులు ఎక్కువైతే యంత్రం పలచబడుతుంది. చీమ కాక ఇంకొకటి చాలు, అది ఆవే కావచ్చు. సిరోంచ తాలూకాలోని కోట ఊరి పేరున్న రాతి పొరల్లో బారాపాసారస్ అనే భారీ రాక్షసబల్లి ఎముకలు దొరికాయి. ఆ ఎముకలకు ఇత్తడి కీళ్లు బిగించి ఆవు చేయండి. దానికి రోజూ ఇంత గడ్డి అని లెక్క ఉండాలి, మేత తప్పితే కదలకూడదు.

1858లో చాందా (ఇప్పటి చంద్రపూర్) ప్రాంతంలో తిరగబడిన బాబూరావ్ సెడ్మాకేను పాత్రగా తేవద్దు. ఆ తిరుగుబాటులో ఏప్రిల్‌లో ఇద్దరు టెలిగ్రాఫ్ ఉద్యోగులు చనిపోయారు, అక్టోబరులో ఆయన్ని ఉరితీశారు. మీ అవ్వకు ఆ జ్ఞాపకం ఉంటుంది, టెలిగ్రాఫ్ తీగ కనబడితే మాట తగ్గించి మాట్లాడుతుంది, అంతవరకే.

చేపా చేపా ఎందుకు ఎండలేదు అన్న వరస మాత్రం ముట్టుకోకండి. ప్రశ్నలు పాతవే ఉంచి, ఆవిరీ పళ్లూ మన్నూ అన్నీ జవాబుల్లో పెట్టండి, ఒక్కో జవాబుకు ఒక్క భాగం చొప్పున.