లార్సన్ గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. హెన్రిక్ లార్సన్ మీద రాయాలని నీకు అనిపించడం ముందు ఆశ్చర్యం, తర్వాత సంతోషం. మెస్సీ మీద, రొనాల్డో మీద రోజుకి పది వ్యాసాలు పడుతున్న రోజుల్లో, ఎప్పుడో 2009లో ఆట మానేసిన స్వీడన్ ఫుట్‌బాల్ ఫార్వర్డ్ గురించి తెలుగులో రాస్తానని ఒక కుర్రాడు రావడం నేనైతే చూడలేదు. అందుకే మొహమాటం పక్కన పెట్టి రాస్తున్నాను. రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో ఎర్ర పెన్ను ఉంది.

నీ వ్యాసం రైల్వే టైంటేబుల్లా ఉంది. హెల్సింగ్‌బోర్గ్ వచ్చింది, పోయింది. ఫెయెనూర్డ్ వచ్చింది, పోయింది. సెల్టిక్, బార్సిలోనా, మళ్లీ హెల్సింగ్‌బోర్గ్, మధ్యలో మాంచెస్టర్ యునైటెడ్. ప్రతి స్టేషన్ దగ్గరా ఏ సంవత్సరం, ఎన్ని మ్యాచ్‌లు, ఎన్ని గోల్స్. లెక్కల్లో తప్పు లేదు, సరిచూశాను. సెల్టిక్‌కి 315 మ్యాచ్‌ల్లో 242 గోల్స్, కరెక్టే. దేశం తరఫున 106 మ్యాచ్‌ల్లో 37, అదీ కరెక్టే. కానీ బండి ఎక్కడా ఆగలేదు. దిగి ఊరు చూద్దామంటే నాకు వీలే దొరకలేదు.

క్లబ్బులు వరసలో ఉంటాయి కాబట్టి కథ కూడా ఆ వరసలోనే ఉంటుందనుకుంటాం. అక్కడే దెబ్బ తింటాం. లార్సన్ కథ నీ వ్యాసంలోనే ఉంది, నువ్వే దాటేసి వెళ్లిపోయావు. నీ వాక్యమే చూడు: "ఫెయెనూర్డ్‌లో ఆశించిన స్థాయిలో రాణించలేకపోయాడు." మన స్పోర్ట్స్ పేజీలకి ఇది ఊతపదం. నేనూ వందలసార్లు రాసి ఉంటాను. ఎవరు ఆశించారు? ఎక్కడ నిలబెట్టి ఆశించారు?

1993లో ఫెయెనూర్డ్ క్లబ్ ఉన్న డచ్ నగరం రోటర్‌డ్యామ్ వెళ్లేటప్పటికి అతనికి 22 ఏళ్లు. అంతకుముందు ఏడాదే సొంత ఊరి క్లబ్ హెల్సింగ్‌బోర్గ్‌ని 34 గోల్స్ కొట్టి పై డివిజన్‌కి చేర్చాడు. అలాంటివాణ్ని ఫెయెనూర్డ్‌లో ఒకరోజు ఆ పక్కన, ఒకరోజు ఈ పక్కన ఆడించారు, మధ్యలో పిలిచి కూర్చోబెట్టారు. నాలుగేళ్లలో రెండు డచ్ కప్పులు గెలిచాడు కానీ గోల్ ముందు తన చోటు అంటూ ఒకటి దొరకలేదు. చివరికి కాంట్రాక్టు గొడవ కోర్టుదాకా వెళ్లింది. 1997లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో క్లబ్ సెల్టిక్ అతన్ని 6 లక్షల 50 వేల పౌండ్లకి తీసుకుంది. ఆ రోజుల్లో కూడా అది చిల్లర డబ్బే.

ఇక్కడ నువ్వు వదిలేసిన మనిషి ఒకడున్నాడు, విమ్ యాన్సెన్. లార్సన్‌ని మొదట ఫెయెనూర్డ్‌కి తెచ్చింది ఆయన. 1997లో సెల్టిక్ మేనేజర్‌గా గ్లాస్గోకి తెచ్చిందీ ఆయనే. ఒకే ఆటగాణ్ని రెండుసార్లు నమ్మాడు. మొదటిసారి తేలిపోయిందని అందరూ అనుకున్నాక రెండోసారి నమ్మాడు. నాకైతే లార్సన్ కథలో మొదటి మలుపు ఇదే. అవే కాళ్లు, అదే మనిషి, నిలబెట్టిన చోటు మారింది. రోటర్‌డ్యామ్‌కి, గ్లాస్గోకి మధ్య ఉన్న తేడా ఏమిటో పట్టుకో, మిగతా సగం వ్యాసం దానంతట అదే వస్తుంది.

గ్లాస్గోలో మొదటిరోజే దేవుడైపోయినట్టు రాశావు. కాదయ్యా. 1997 ఆగస్టు, ఎడిన్‌బరోలో హిబర్నియన్ మీద మొదటి లీగ్ మ్యాచ్. సబ్‌స్టిట్యూట్‌గా దిగాడు. స్కోరు 1-1. సొంతవాడికి ఇవ్వబోయిన బంతిని తిన్నగా అవతలి టీమ్‌లోని చిక్ చార్న్‌లీ కాళ్ల దగ్గర పెట్టాడు. చార్న్‌లీ దూరం నుంచే ఒక్కటి కొట్టాడు, గోల్. సెల్టిక్ ఓడిపోయింది. తమాషా ఏమిటంటే ఆ చార్న్‌లీ చిన్నప్పటినుంచి సెల్టిక్ అభిమాని.

దీన్ని తీసేయకు. ఏడేళ్లలో 242 గోల్స్ కొట్టబోయేవాడి మొదటి ముఖ్యమైన పాస్ ప్రత్యర్థికి వెళ్లింది. పాఠకుడు ఒక్క క్షణం అక్కడ ఆగి, ఆ కుర్రాడి మొహం ఎలా ఉందో ఊహించుకుంటాడు. ఆ తర్వాత అదే సీజన్ చివరి రోజున సెయింట్ జాన్‌స్టన్ మీద మూడో నిమిషంలో లార్సన్ గోల్ కొట్టాడనీ, ఆ మ్యాచ్ గెలిచి సెల్టిక్ వరసగా పదో టైటిల్ దక్కకుండా, అదే ఊళ్లోని బద్ధ ప్రత్యర్థి రేంజర్స్‌ని ఆపిందనీ చెప్పు. ఆ గోల్ బరువు అప్పుడు తెలుస్తుంది. నువ్వు రెండోది రాసి మొదటిది వదిలేశావు. అందుకే అది మామూలు గోల్‌లా ఉంది.

అంకెల గురించి రెండు మాటలు. అంకెలు వద్దనడం లేదు. మాట్లాడే అంకెని ఏరుకో. 2001లో యూరప్ లీగ్‌లన్నిటి గోల్స్ లెక్కగట్టి ఇచ్చే గోల్డెన్ షూ లార్సన్‌కి వచ్చిందని ఒక లైనులో రాశావు. అసలు ఎలా వచ్చిందో చూడు. ఆ బహుమతికి ఒక్కో లీగ్ గోల్స్‌కి ఒక్కో విలువ కడతారు. ఇటలీ లాంటి పెద్ద లీగ్‌లో గోల్‌కి 2 పాయింట్లు, స్కాట్లండ్‌లో ఒకటిన్నర. లార్సన్ 35 గోల్స్‌కి 52.5 పాయింట్లు. లాజియో క్లబ్‌కి ఆడిన క్రెస్పో 26 గోల్స్‌కి 52. అర పాయింటు! అంటే లార్సన్ ఒక్క గోల్ తక్కువ కొట్టి ఉంటే షూ క్రెస్పోదే. ఇంకో సంగతి కూడా ఇందులోనే ఉంది. స్కాట్లండ్ లీగ్ అంటే యూరప్‌కి చిన్నచూపు, అక్కడ కొట్టిన గోల్‌ని ముప్పావు గోల్‌గానే లెక్కేశారు. "అక్కడెవడైనా కొడతాడు" అన్న మాట లార్సన్‌ని బార్సిలోనాదాకా వెంటాడింది. నువ్వు పేరా అంతా రాసి చెప్పాలనుకున్నది ఆ అర పాయింటు చెబుతుంది.

ఇక కాలు విరగడం. 1999 అక్టోబర్, లియోన్‌లో యూరప్ క్లబ్బుల టోర్నీ యూఈఎఫ్ఏ కప్ మ్యాచ్. కాలు రెండు చోట్ల విరిగింది. నువ్వు రాసింది: "తీవ్ర గాయం నుంచి కోలుకుని ఉవ్వెత్తున ఎగిసాడు." ఉవ్వెత్తున ఎగిసేది కెరటం, మనిషి కాదు. ఆ ఆరు పదాలు కొట్టేసి, 2000 ఆగస్టు 27న రేంజర్స్‌తో మ్యాచ్ వీడియో పెట్టుకుని కూర్చో. సెకండాఫ్ మొదలైన కాసేపటికే తోటి ఆటగాడు క్రిస్ సటన్ తాకిన బంతి లార్సన్‌కి అందుతుంది. పరుగు ఆపకుండానే బంతిని కాంటర్‌మన్ అనే డిఫెండర్ రెండు కాళ్ల సందులోంచి తోసి, అతని పక్కనుంచి దూసుకుపోతాడు. ఎదురుగా గోల్‌కీపర్ క్లోస్ ముందుకి వస్తున్నాడు. గట్టిగా కొడతాడని మనమూ అనుకుంటాం, క్లోసూ అనుకుంటాడు. బంతి కింద బూటు పెట్టి మెల్లగా పైకి లేపుతాడు. క్లోస్ తల మీదుగా వెళ్లి, తొందరేమీ లేనట్టు వలలో దిగుతుంది. తర్వాత నాలుక బయటపెట్టి, చేతులు చాచి పరుగు. ఆ రోజు సెల్టిక్ 6-2తో గెలిచింది. పది నెలల కింద ఎముక విరిగినవాడు, డిఫెండర్ బూటు ఎక్కడ తగులుతుందోనన్న భయం లేకుండా ఆ సందులోకి దూరాడు. కోలుకోవడమంటే ఏమిటో అక్కడ కనపడుతుంది. దాన్ని చూపించు, పేరు పెట్టకు.

చుక్కలు చూపించాడు, గోల్స్ వర్షం కురిపించాడు, చెలరేగిపోయాడు, వీరవిహారం చేశాడు. ఇవన్నీ ఎర్ర పెన్నుతో గుండ్రాలు చుట్టాను, మొత్తం 14. ఒక్కటీ ఉంచకు. లార్సన్ చెలరేగే రకమే కాదు. పెద్ద పొడగరేమీ కాని మనిషి, 2003లో సెవిల్‌లో యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ నాడు పోర్టో డిఫెండర్ల మధ్య ఎగిరి తలతో రెండు గోల్స్ కొట్టాడు. ఎగరడం ఒక్కటే కాదు అందులో ఉన్నది. బంతి రాకముందే ఎక్కడికి వస్తుందో తెలిసి, అక్కడికి ఒక అడుగు ముందు చేరడం. ఎక్స్‌ట్రా టైంలో సెల్టిక్ 3-2తో ఓడిపోయింది, పోర్టో కోచ్ మోరిన్యో పేరు మోగిపోయింది. ఓడిన ఫైనల్ కాబట్టి నువ్వు అర లైనులో ముగించావు. నేనైతే ఒక పేజీ ఇస్తాను.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి, లేకపోతే పెద్దరికంతో నీతులు చెబుతున్నట్టుంటుంది.

2006 మే 17. పారిస్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, బార్సిలోనా, ఆర్సెనల్. మనకి అర్ధరాత్రి దాటి పావుగంటకి మొదలు. నాది నైట్ డ్యూటీ. మ్యాచ్ అయ్యేసరికి రెండు దాటుతుంది, సిటీ ఎడిషన్ అంతసేపు ఆగదు. అందుకని ముందే పేజీ కట్టేశాను. పెద్ద ఫొటో రొనాల్డీన్యోది, హెడింగ్‌లోనూ ఆయన పేరే. బార్సిలోనా గెలిస్తే అది, ఓడితే తీరిక చూసి మార్చుకోవచ్చు. ఆర్సెనల్ గోల్‌కీపర్ లేమాన్ 18వ నిమిషంలోనే రెడ్ కార్డుతో బయటికెళ్లాడు. అయినా పదిమందితో ఆడుతూ వాళ్లే ముందు గోల్ కొట్టారు. నాకు టెన్షన్. పారిస్‌లో వాన. 61వ నిమిషంలో వాన్ బొమ్మెల్‌ని తీసి లార్సన్‌ని దించారు. టీ కోసం లేచిన నేను ఆ మార్పు సరిగ్గా చూడను కూడా లేదు.

76వ నిమిషంలో బార్సిలోనా ఫార్వర్డ్ సామ్యూల్ ఎటో గోల్. నాలుగైదు నిమిషాలకి బెలెట్టి గోల్. 2-1. హమ్మయ్య, హెడింగ్ మార్చక్కర్లేదు అనుకుని పేజీ వదిలేశాను.

పొద్దున ఇంటికెళ్లి టీవీలో మళ్లీ చూశాను. మొదటి గోల్‌లో ఇనియెస్టా పంపిన బంతి లార్సన్ దగ్గర ఆగలేదు. ఒక్క స్పర్శ, అంతే. దారి మాత్రం మారింది. సామ్యూల్ ఎటో కాళ్ల ముందుకి జారింది. రెండోదానికీ బెలెట్టి పరుగుకి సరిపడా, ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా, బంతి తోసింది లార్సనే. తను గోల్ కొట్టలేదు. మర్నాడు ఏజెన్సీ కాపీలో ఓడిపోయిన ఆర్సెనల్ ఫార్వర్డ్ థియరీ ఆన్రీ మాటలు వచ్చాయి. రొనాల్డీన్యో, ఎటో అని అందరూ అంటారు, ఇవాళ వాళ్లు నాకు కనపడలేదు, నాకు కనపడింది లార్సనే అని. ఓడినవాడికి కనపడింది, పేజీ కట్టినవాడికి కనపడలేదు. మా పాఠకులు ఆ పొద్దున రొనాల్డీన్యో ఫొటో చూసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, అదే నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంటుంది.

నీ వ్యాసంలో ఆ ఫైనల్ గురించి ఉన్నది ఇది: "ఈ మ్యాచ్‌లో లార్సన్ గోల్స్ ఏమీ చేయలేదు." తమ్ముడూ, నీదీ నాదీ ఒకటే తప్పు. ఫార్వర్డ్ అంటే గోల్ కొట్టేవాడని ముందే పేజీ కట్టుకుని కూర్చున్నాం.

మాంచెస్టర్ సంగతి తొందరగా చెబుతాను. 2007 జనవరిలో, 35 ఏళ్ల వయసులో, స్వీడన్‌లో సీజన్ లేని రెండు నెలలకి లోన్ మీద వెళ్లాడు. 13 మ్యాచ్‌లు, 3 గోల్స్. ఉండమని యునైటెడ్ అడిగింది. హెల్సింగ్‌బోర్గ్‌కి తిరిగొస్తానని మాటిచ్చానని వెళ్లిపోయాడు. ఆ ఏడాది లీగ్ టైటిల్ యునైటెడ్‌దే. దీని మీద నువ్వు చాలా బాగా రాశావు, ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

కానీ ముగింపు మార్చాలి. "పుట్టిన ఊరి ముద్దుబిడ్డగా నిలిచిపోయాడు" అని దండ వేసి వదిలేశావు. 2016లో ఏం జరిగిందో నీకు తెలుసు, ఎందుకు రాయలేదు? అప్పుడు లార్సన్ హెల్సింగ్‌బోర్గ్ కోచ్. కొడుకు జోర్డన్ అదే టీమ్‌లో ఫార్వర్డ్, 19 ఏళ్లవాడు. టీమ్ పై డివిజన్‌నుంచి కిందికి పడిపోయిన రోజున మొహాలకి ముసుగులు కట్టుకున్న మనుషులు మైదానంలోకి దూకి ఆ కుర్రాడి మీదికెళ్లారు, ఒంటిమీద జెర్సీ లాగబోయారు. తండ్రి 1992లో పైకి తెచ్చిన క్లబ్. మాంచెస్టర్ వదులుకుని మాట నిలబెట్టుకున్న ఊరు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టు. మధ్యలో నీ అభిప్రాయం వద్దు.

ఒక మాట పక్కకెళ్లి చెబుతాను. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం గురించి విన్నావా? ఫార్వర్డే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, పెరూ మీదా కొట్టాడు. ఆయన ఏనాడూ యూరప్ క్లబ్ జెర్సీ వేసుకోలేదు. రోటర్‌డ్యామ్‌కైనా గ్లాస్గోకైనా తీసుకెళ్లే యాన్సెన్ ఎవరూ ఆ కాలంలో ఇటు రాలేదు. 2023లో పోయారు. లార్సన్ పని అయ్యాక ఆయన మీద రాస్తానంటే నా దగ్గర పాత కటింగులు ఉన్నాయి, ఇస్తాను.

ముందు ఇది చెయ్యి. పారిస్ ఫైనల్ మొత్తం చూడకు. 61వ నిమిషం నుంచి చివరిదాకా చాలు. కామెంటరీ ఆపేసి, బంతిని వదిలేసి లార్సన్‌ని మాత్రమే చూడు. బంతి దూరంగా ఉన్నప్పుడు ఎక్కడ నిలబడ్డాడు, ఎటు చూశాడు, ఎవర్ని వెంట లాక్కెళ్లాడు, ఎన్నిసార్లు పరుగెత్తినా పాస్ రాలేదు, అవన్నీ నోట్‌బుక్‌లో రాసుకో. నేను చేస్తే తొమ్మిది పేజీలు వచ్చాయి. నీకెన్ని వస్తాయో వచ్చే ఆదివారం లోపు పంపు. టైప్ చెయ్యక్కర్లేదు, చేత్తో రాసినవే ఫొటో తీసి పంపు.

ఇట్లు,
నీ అన్నయ్య