పేపర్‌లో 20 శాతం, మా ల్యాబ్‌లో 12: పెరోవ్‌స్కైట్ సెల్‌లో తప్పు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: ట్రిపుల్ కేటయాన్ (మూడు రకాల ధన అయాన్లున్న) పెరోవ్‌స్కైట్ సోలార్ సెల్స్ చేస్తున్నాం. గాజు మీద ఐటీఓ (పారదర్శక వాహక పొర), దాని మీద టిన్ ఆక్సైడ్ (ఎలక్ట్రాన్లను తీసుకెళ్లే పొర), పెరోవ్‌స్కైట్, స్పైరో (ధన ఛార్జ్‌ని తీసుకెళ్లే పొర), చివర బంగారం. పేపర్‌లో ఉన్న పద్ధతి తుచ తప్పకుండా పాటించాం. వాళ్లకు 20 శాతం ఎఫిషియెన్సీ వస్తే మాకు 12 దగ్గరే ఆగిపోతోంది. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 1.02, కరెంట్ 21.5, ఫిల్ ఫ్యాక్టర్ (ఆ వోల్టేజ్, కరెంట్ గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా చేతికందే శాతం) 55. ఏ కెమికల్ మార్చాలి? లేక ఆర్గానిక్ (కార్బన్ అణువులతో చేసే) సెల్స్‌కి మారిపోవడం మేలా?

జవాబు:

కెమికల్ ఏదీ మార్చకండి. మీరిచ్చిన మూడు అంకెల్లోనే సగం జవాబు ఉంది. 20 శాతం ఇచ్చే సెల్‌లో ఈ అంకెలు సుమారుగా 1.12 వోల్టులు, చదరపు సెంటీమీటరుకు 23 మిల్లీ ఆంపియర్లు, ఫిల్ ఫ్యాక్టర్ 78 ఉంటాయి. మీ వోల్టేజ్, కరెంట్ రెండూ పది శాతం లోపే తగ్గాయి. ఫిల్ ఫ్యాక్టర్ మాత్రం దాదాపు మూడో వంతు పోయింది. అంటే ఫిల్మ్ వెలుతురును పీలుస్తోంది, ఛార్జ్ పుడుతోంది, బయటికి వచ్చే దారిలోనే నష్టపోతున్నారు.

ఇప్పుడు కరెంట్–వోల్టేజ్ గీతను ముందు పెట్టుకోండి. సున్నా వోల్టుల దగ్గర గీత దాదాపు అడ్డంగా ఉండాలి. అక్కడే వాలిపోతుంటే లీకేజీ ఉందన్నమాట, అంటే ఫిల్మ్‌లో సూదిమొన రంధ్రాలు. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ దగ్గర గీత నిటారుగా దిగాలి. అక్కడ బద్ధకంగా దిగుతుంటే సిరీస్ రెసిస్టెన్స్ (కరెంట్ బయటికి వచ్చే దారిలోని నిరోధం) ఎక్కువ. మధ్యలో పాము మెలికలా వంగితే ఏదో ఒక కాంటాక్ట్ దగ్గర ఛార్జ్‌కి అడ్డుగోడ ఉంది, చాలాసార్లు అది స్పైరోనే. చీకట్లో కూడా ఒక స్కాన్ తీయండి. రివర్స్ బయాస్‌లో (వోల్టేజ్ తిరగేసి పెట్టినప్పుడు) కరెంట్ చెప్పుకోదగ్గంతగా పారుతుంటే లీకేజీ సంగతి అక్కడే తేలిపోతుంది. ఈ పరీక్షకి పది నిమిషాలు చాలు. ఇది చేయకుండా కొత్త అడిటివ్‌ల కోసం పేపర్లు తిరగేసే అలవాటు ఈ రంగంలో చాలా నష్టం చేస్తోంది.

సిరీస్ రెసిస్టెన్స్ అని తేలితే మొదట స్పైరోని చూడండి. ఒక మిల్లీలీటర్ క్లోరోబెంజీన్‌లో 72.3 మిల్లీగ్రాముల స్పైరో, 28.8 మైక్రోలీటర్ల టెర్షరీ బ్యూటైల్ పిరిడిన్, ఎసిటోనైట్రైల్‌లో మిల్లీలీటరుకు 520 మిల్లీగ్రాముల చొప్పున కరిగించిన లిథియం ఉప్పు 17.5 మైక్రోలీటర్లు: అందరూ వాడే కొలత ఇదే. కానీ స్పైరో పొర ఆక్సిజన్ తగిలితేనే సరిగ్గా డోప్ అవుతుంది, అంటే ఛార్జ్‌ని బాగా మోస్తుంది. గ్లవ్‌బాక్స్‌లో (బయటి గాలి చొరబడని పెట్టెలో) నైట్రోజన్ కిందే ఉంచి నేరుగా బంగారం వేస్తే ఫిల్ ఫ్యాక్టర్ 50, 60 దగ్గర ఆగిపోవడం సహజం. రాత్రంతా పొడిగాలిలో, డెసికేటర్‌లో ఉంచాలి. బయటి గాలిలో వదిలేస్తే లిథియం ఉప్పు తేమ పీల్చుకుని కింద ఉన్న పెరోవ్‌స్కైట్‌ని పాడుచేస్తుంది. ఇక రెండోది, బంగారం వేయకముందు అంచున ఉన్న ఐటీఓ కాంటాక్ట్ మీది పొరలన్నీ పూర్తిగా తుడిచారా? కంటికి కనబడని పలుచని పొర మిగిలినా మీటరు దాన్ని రెసిస్టెన్స్‌గానే చూపిస్తుంది. బంగారం 80 నానోమీటర్ల దాకా ఉండాలి.

లీకేజీ అయితే మాత్రం స్పిన్ కోటర్ (గాజును వేగంగా తిప్పి ద్రావణాన్ని పలుచగా పరిచే యంత్రం) దగ్గరికి వెళ్లాలి. ఈ పని మొత్తంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఆ అరనిమిషమే. పేపర్‌లో ఒక్క వాక్యం ఉంటుంది: 1000 ఆర్‌పీఎం 10 సెకన్లు, తర్వాత 6000 ఆర్‌పీఎం 20 సెకన్లు, ముగియడానికి 5 సెకన్ల ముందు 100 మైక్రోలీటర్ల క్లోరోబెంజీన్. ఆ వాక్యం వెనక జరిగేది వేరు. పెరోవ్‌స్కైట్ ద్రావణంలో డీఎంఎఫ్, డీఎంఎస్‌ఓ అని రెండు ద్రావకాలుంటాయి. తిరుగుతున్న గాజు మీద డీఎంఎఫ్ త్వరగా ఆవిరవుతుంది, డీఎంఎస్‌ఓ మాత్రం లెడ్ అయొడైడ్‌ని పట్టుకుని కూర్చుంటుంది. ద్రావణం చిక్కబడి, స్ఫటికాలు మొదలవడానికి ఒక్క అడుగు దూరంలో ఉన్నప్పుడు యాంటీసాల్వెంట్ (పెరోవ్‌స్కైట్‌ని కరిగించని ద్రవం, ఇక్కడ క్లోరోబెంజీన్) పడాలి. అప్పుడు లెక్కలేనన్ని చోట్ల ఒకేసారి స్ఫటికాలు మొదలై, ఖాళీ లేకుండా అల్లుకుంటాయి. తొందరపడితే ద్రావణం ఇంకా పలుచగానే ఉంటుంది, పోసింది వృథా. ఆలస్యమైతే స్ఫటికాలు తమంతట తామే అక్కడొకటి ఇక్కడొకటి పెరిగి, మధ్యలో ఖాళీలు వదిలేస్తాయి. ఆ ఖాళీల్లోంచే స్పైరో వెళ్లి టిన్ ఆక్సైడ్‌ని తాకుతుంది. మీ లీకేజీ అదే.

ఇది కంటితో పట్టుకోవచ్చు. పోసే క్షణానికి ఫిల్మ్ ఇంకా పారదర్శకంగా ఉండాలి. మసకబారడం మొదలైందంటే ఆలస్యమైనట్టే. సరిగ్గా పడితే లేత గోధుమరంగులో, అవతలి వస్తువు స్పష్టంగా కనిపించేంత నునుపుగా ఉంటుంది, 100 డిగ్రీల హాట్‌ప్లేట్ మీద పెట్టగానే కొన్ని సెకన్లలోనే నల్లబడుతుంది. ఆ తర్వాత గంటసేపు అక్కడే ఉంచాలి. అద్దంలా మెరవకుండా బూడిదపట్టినట్టు కనిపించే ఫిల్మ్ మీద బంగారం దండగ చేయకండి.

పైపెట్ మొన గాజుకి సుమారు సెంటీమీటరు ఎత్తున, సరిగ్గా మధ్యలో ఉండాలి. ధార తెగకూడదు, చుక్కలుగా పడితే ఫిల్మ్ మీద వలయాలు వస్తాయి. ఏ ద్రవాన్ని ఎంత వేగంగా పోయాలన్నదీ ముఖ్యమే. క్లోరోబెంజీన్, ఇథైల్ ఎసిటేట్ లాంటివి వేగాన్ని పెద్దగా పట్టించుకోవు. ఐసోప్రొపనాల్ లాంటి ఆల్కహాల్‌లను చటుక్కున పోయాలి, టోల్యుయీన్‌ని నెమ్మదిగా. పేపర్‌లో వాళ్లు వాడింది ఒకటి, మీరు మార్చింది ఇంకొకటి అయితే సమయం, వేగం రెండూ మళ్లీ వెతుక్కోవాల్సిందే.

ఆ 5 సెకన్లు వాళ్ల గదివి, మీవి కావు. గ్లవ్‌బాక్స్‌లో డీఎంఎఫ్ ఆవిరి పేరుకుంటే ఫిల్మ్ ఆరడం నెమ్మదిస్తుంది, సరైన క్షణం ఇంకా ఆలస్యంగా వస్తుంది. అందుకే పొద్దున చేసిన సెల్స్ బాగుండి సాయంత్రానివి పడిపోతాయి. ప్రతి శాంపిల్ మధ్య కొన్ని నిమిషాలు పర్జ్ చేయండి, అంటే తాజా నైట్రోజన్‌తో ఆ ఆవిరిని బయటికి తోసేయండి. కోటర్ మూత తెరిచి ఉంచితే ఎప్పుడూ తెరిచే, మూస్తే ఎప్పుడూ మూసే. గ్లవ్‌బాక్స్ లోపలి ఉష్ణోగ్రత రాసుకోండి. "గ్లవ్‌బాక్స్‌లో చేశాం" అని ఒక్క ముక్క రాసి వదిలేసే పేపర్ల మీద నాకు నిజంగా కోపం. మిల్లీగ్రాముల దాకా తూకాలు ఇచ్చి, ఫలితాన్ని తారుమారు చేసే గాలి గురించి ఒక్క అక్షరం రాయరు.

తూకాల్లోనూ ఒక మెలిక ఉంది. మిల్లీలీటరుకి లెడ్ అయొడైడ్ 507, ఫార్మమిడినియం అయొడైడ్ 172, మిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ 22.4, లెడ్ బ్రోమైడ్ 73.4 మిల్లీగ్రాములు. డీఎంఎఫ్, డీఎంఎస్‌ఓ నాలుగుకి ఒకటి పాళ్లు. దాంట్లో 1.5 మోలార్ సీజియం అయొడైడ్ 42 మైక్రోలీటర్లు. ఈ లెక్కలో లెడ్ మూడు శాతం మాత్రమే ఎక్కువగా ఉంటుంది. ఫార్మమిడినియం అయొడైడ్ బయట తూచినప్పుడు 9 మిల్లీగ్రాముల తేమ పట్టిందంటే అక్కడే అయిదు శాతం తేడా. మీరు పెట్టాలనుకున్న మూడు శాతం కన్నా అది పెద్దది. గ్లవ్‌బాక్స్ లోపలే తూచండి.

ఇక కొలత. 12 అన్నది కూడా నిజమేనా? మాస్క్ (సెల్ మీద కొలిచిన వైశాల్యంలోనే వెలుతురు పడనిచ్చే పలక) లేకుండా కొలిస్తే చుట్టుపక్కల పడిన వెలుతురు కూడా లెక్కలోకి వచ్చి కరెంట్ పెరిగినట్టు కనిపిస్తుంది. క్వాంటమ్ ఎఫిషియెన్సీ (పడిన ఫోటాన్లలో ఎన్ని కరెంట్‌గా మారాయో చెప్పే కొలత) నుంచి లెక్కగట్టిన కరెంట్, స్కాన్‌లో వచ్చిన కరెంట్ అయిదు శాతం తేడాలో ఉండాలి. పెరోవ్‌స్కైట్‌లో అయొడైడ్ అయాన్లు కదులుతాయి కాబట్టి ఎక్కువ వోల్టేజ్ నుంచి తక్కువకి చేసిన స్కాన్, తక్కువ నుంచి ఎక్కువకి చేసినది వేర్వేరు అంకెలిస్తాయి. రెండూ రాయండి. గరిష్ఠ పవర్ పాయింట్ దగ్గర అయిదు నిమిషాలు పట్టి ఉంచినప్పుడు నిలిచే అంకెనే నమ్మండి. నాకైతే ఆ అంకె లేని 20 శాతం కన్నా అది ఉన్న 16 శాతం గొప్పది.

ఆర్గానిక్‌కి మారడం దీనికి మందు కాదు. 2019లో వై6 (ఎలక్ట్రాన్లను అందుకునే అణువు) వచ్చాక అవి 15 శాతం దాటాయి, తర్వాత 19 కూడా దాటాయి. కానీ అక్కడా ఫిల్మ్ ఆరే తీరే అన్నిటికీ మూలం. పీఎం6 (వై6కి ఎలక్ట్రాన్లు ఇచ్చే పాలిమర్), వై6 ఒకటికి 1.2 పాళ్లలో, క్లోరోఫామ్‌లో మిల్లీలీటరుకి 16 మిల్లీగ్రాములు, 0.5 శాతం క్లోరోనాఫ్తలీన్. ఫిల్మ్ 100 నానోమీటర్లు దాటి కొద్దిగా. ఎక్సిటాన్ (వెలుతురు పుట్టించే ఎలక్ట్రాన్–హోల్ జంట) మహా అయితే కొన్ని పదుల నానోమీటర్లు ప్రయాణిస్తుంది. ఆలోపు రెండు పదార్థాల సరిహద్దు తగలాలి. క్లోరోఫామ్ 61 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి ఆరే వేగం ఇంకా పదునైన కత్తి. చేతి పనితీరు మారకుండా పదార్థం మారిస్తే అదే తలనొప్పి వేరే పేరుతో వస్తుంది.

మార్చాలని అంతగా ఉంటే స్పైరోనే మార్చండి. 70 డిగ్రీలు దాటితే బంగారం స్పైరోలోంచి పెరోవ్‌స్కైట్‌లోకి దిగిపోతుంది. మాడ్యూళ్లకు పెట్టే పరీక్షేమో 85 డిగ్రీలు, 85 శాతం తేమ, 1000 గంటలు. ఈ నిర్మాణం దానికి నిలవదు. తిరగేసిన నిర్మాణం (ధన ఛార్జ్ పొర కింద, ఎలక్ట్రాన్ పొర పైన) చేయండి. ఐటీఓ మీద 2పీఏసీజెడ్ (స్పైరో పని చేసే అతి పలుచని అణువుల పొర) ఒక మిల్లీమోలార్ ఇథనాల్‌లో, 3000 ఆర్‌పీఎం 30 సెకన్లు, 100 డిగ్రీల దగ్గర పది నిమిషాలు. పెరోవ్‌స్కైట్ మీద సీ60 (ఎలక్ట్రాన్లను తీసుకెళ్లే కార్బన్ అణువు), దాని మీద బీసీపీ (లోహానికి ముందుండే పలుచని పొర), చివర రాగి. ఇందులో లిథియం ఉప్పు లేదు, రాత్రంతా ఆక్సిజన్ కోసం ఎదురుచూపులు లేవు. ఒక్క జాగ్రత్త: 2పీఏసీజెడ్ పొర మీద ద్రావణం సరిగ్గా పరుచుకోక అంచుల నుంచి వెనక్కి ముడుచుకోవచ్చు. ద్రావణం వేసి ఆలస్యం చేయకుండా వెంటనే తిప్పడం మొదలుపెట్టండి.