పెళ్లితో పోయిన పౌరసత్వం

చిరంజీవి సుజాతకు ఆశీస్సులు.

నీ కథ చదివాను. జర్మన్‌ని పెళ్లి చేసుకున్నందుకు, 1918లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, పుట్టి పెరిగిన అమెరికాలోనే శత్రు దేశస్థురాలిగా పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చిన స్త్రీ కథ. మంచి విషయం పట్టుకున్నావు. కానీ పేజీలన్నీ ఆమె కన్నీళ్లతో నింపేశావమ్మా. చదివేవాళ్లకు జాలి కలుగుతుంది గానీ ఆమెకు ఏం జరిగిందో తెలియడం లేదు.

ఆ జూన్ నెలలో పోలీస్ స్టేషన్ బల్ల ముందు ఆమెను కాసేపు నిలబెట్టు. ఫొటోలు ఇవ్వాలి. వేళ్లకు సిరా పూసి ముద్రలు తీసుకుంటారు. బంధువులెవరైనా యుద్ధంలో ఉన్నారా, ఏ పక్షాన, అని ఫారంలో ప్రశ్న. ఆమె తమ్ముడు అమెరికా సైన్యంలో ఉన్నాడనుకో. ఆ గడిలో వాడి గురించి రాసి, అదే కాగితం మీద తాను శత్రువునని సంతకం పెట్టాలి. ఇంతకన్నా ఏం కల్పించాలి? ఆ ఉద్యోగిని మాత్రం దుర్మార్గుణ్ణి చెయ్యకు, మర్యాదగానే మాట్లాడనీ. లేకపోతే పాఠకుల కోపమంతా అతని మీదే ఖర్చయిపోతుంది, చట్టం తప్పించుకుంటుంది.

విదేశీయుణ్ణి కట్టుకున్న అమెరికన్ స్త్రీకి భర్త దేశమే తన దేశమని 1907లో చట్టం చేశారు. ఎథెల్ మెకెంజీ కాలిఫోర్నియాలో పుట్టింది, అక్కడ ఆడవాళ్ల ఓటు కోసం పోరాడింది. ఓటు హక్కు వచ్చాక శాన్‌ఫ్రాన్సిస్కోలో పేరు రాయించుకోబోతే కుదరదన్నారు, భర్త స్కాట్లాండ్ వాడని. 1915లో సుప్రీంకోర్టు ఏమందంటే, పెళ్లి ఇష్టపడే చేసుకుంది, ఫలితం తెలిసే చేసుకుంది అని. ఈ వాదన నన్ను ఇప్పటికీ మండిస్తుంది. దీన్ని కోర్టు భాషలో పెట్టకు. భోజనాల దగ్గర ఆమె కన్నతండ్రి చేత అనిపించు.

మనవాళ్ల ప్రస్తావన కూడా తెచ్చావు, కానీ హడావిడిగా. భగత్ సింగ్ థిండ్ అమెరికా సైన్యంలో పనిచేసి, 1918 డిసెంబర్‌లో యూనిఫాంలోనే పౌరసత్వం తీసుకున్నాడు. కొద్ది రోజులకే రద్దు చేశారు. మళ్లీ సంపాదించుకుంటే 1923లో సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లవాళ్ల కింద రారు, అర్హత లేదు పొమ్మంది. ఆ దెబ్బ ఆడవాళ్లకూ తగిలింది. 1922 నాటి కేబుల్ చట్టం పెళ్లయినా పౌరసత్వం ఉంటుందంటూనే, అర్హత లేని జాతివాణ్ణి చేసుకుంటే పోతుందని మెలిక పెట్టింది. అమెరికాలో ఉండి మన స్వాతంత్ర్యం కోసం పనిచేసిన బెంగాలీ తారక్‌నాథ్ దాస్ భార్య మేరీ అమెరికాలోనే పుట్టిన మనిషి, ఆమెకూ ఆ దేశం లేకుండా పోయింది. ఆ మెలిక తీసేసరికి 1931 వచ్చింది.

మేరీని ఈ కథలో రెండు వాక్యాలకు ఇరికించకు. ఆమెకు వేరే కథ కావాలి, అది నువ్వే రాయాలి. ముందు ఆ పోలీస్ స్టేషన్ ఘట్టం ఒక్కటీ తిరగరాసి పంపు.

మీ పెద్దమ్మ