అరిగిపోయిన పాత చెక్కబొమ్మకు కొత్త ముక్కు పెట్టించాలా? మా రాణి సంగతి చెప్తాను

మీరు అడిగింది ఇదీ: చిత్తూరులో మీ అమ్మమ్మగారి ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద జానెడు ఎర్ర చెక్కబొమ్మ దొరికింది. ముక్కు లేదు, ఒక పక్క బాగా అరిగింది, అడుగున సన్న బెజ్జాలున్నాయి. ముక్కు చెక్కించి వార్నిష్ వేయిస్తే బాగుంటుందా, యాంటిక్ కాబట్టి ధర పలుకుతుందా, అమెరికాలో ఉన్న మీ అక్క పట్టుకుపోవచ్చా, దసరా కొలువులో పెట్టొచ్చా అని.

ముక్కు జోలికి పోకండి. బెజ్జాల సంగతి మాత్రం ఈ వారమే చూడండి. మిగతావి నిదానంగా ఆలోచించుకోవచ్చు. నేను ఈ పని తెలిసినదాన్నేమీ కాదు. మా ఇంట్లో ఇలాంటిదే ఒక రాణి బొమ్మ ఉంది, దాన్ని నేను కొంచెం పాడు చేశాను కూడా. ఆ అనుభవంతో చెప్తున్నాను.

2021 నవంబరు వానలు తిరుపతివాళ్ళెవరూ మర్చిపోయి ఉండరు. స్వర్ణముఖి పొంగింది, ఊళ్ళో వీధులు ఏరులయ్యాయి. రామచంద్రాపురం వైపు రాయలచెరువు కట్ట నుంచి నీళ్ళు కారుతున్నాయని కింద ఊళ్ళు ఖాళీ చేయించారు. మా పెద్దమ్మ ఊరు ఆ పల్లంలోనే. తమ్ముడు బండి మీద వెళ్ళి ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాడు. తెచ్చుకున్నది రెండే: పాస్‌బుక్కులు, ఆధార్ కార్డు పెట్టుకున్న ప్లాస్టిక్ సంచి ఒకటి, చిన్న గుడ్డమూట ఒకటి. మూటలో నగలేమోనని మేమెవరం అడగలేదు. రాత్రి అన్నాలయ్యాక ఆమే విప్పింది. పాత నూలుచీర ముక్కలో చుట్టిన చెక్కబొమ్మ.

కట్ట తెగలేదు, వారం తిరక్కుండా ఆమె ఊరికి వెళ్ళిపోయింది. బొమ్మను మాత్రం మా ఇంట్లోనే పెట్టి, "నా ఇల్లు పల్లంలో ఉండాది, ఇది నీ దగ్గరే ఉండనీమే" అంది.

అది జానెడుకి రెండు వేళ్ళు తక్కువ. పాత వక్క రంగు. చేతులు ఒంటికి అంటుకుని ఉంటాయి, వెనక జడ చెక్కారు, జడ పాయలు ఇప్పటికీ గోటికి తగులుతాయి. ముఖం మాత్రం నెల రోజులు వాడిన సబ్బుబిళ్ళలా ఉంటుంది. ముక్కు లేదు, పెదాలు లేవు, ఎడమ కంట్లో ఆవగింజంత తెల్లరంగు మిగిలింది. పాదాలూ లేవు. చీర కుచ్చిళ్ళ దగ్గర ఏటవాలుగా, అద్దంలా నున్నగా అరిగిపోయింది. దాన్ని నిలబెడితే వెనక్కి వాలుతుంది, గోడ ఆసరా కావాల్సిందే.

నా తెలివితక్కువ పని ఇక్కడే. అవి కరోనా రోజులు కదా, అన్నిటికీ శానిటైజరే. మురికి వదిలిద్దామని దూదికి శానిటైజర్ అద్ది బొమ్మ వీపు తుడిచాను. దూది పారాణిలా ఎర్రబడింది. మురికి కూడా ఇంత ఎర్రగా ఉంటుందా అనుకుని ఇంకో రెండు సార్లు తుడిచాను కూడా! తర్వాత తెలిసింది, ఎర్రచందనంలో రంగునిచ్చే పదార్థం పేరు శాంటాలిన్, అది చల్లనీళ్ళలో కరగదు గానీ ఆల్కహాల్‌లో కరుగుతుంది. రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ ఇప్పటికీ జడ పక్కన ఉంది. స్పిరిట్, శానిటైజర్, సెంటు, నెయిల్ పాలిష్ తుడిచే మందు, ఇవేవీ దాని దగ్గరికి రానివ్వకండి.

తర్వాతిసారి పెద్దమ్మ వచ్చినప్పుడు మచ్చ కనపడకుండా బొమ్మను తిప్పి పెట్టాను. ఆమె చూడనే చూసింది, ఏమీ అనలేదు. మాట మార్చడానికి నేనే, "అడుగున ఎలుకలు కొరికేశాయి కదా పెద్దమ్మా" అన్నాను.

"ఎలుకలేందిమే! అది మీయమ్మ దవడలకు పోయింది."

మా అమ్మకు చిన్నప్పుడు గవదబిళ్ళలు లేచాయట. ఎర్రచందనం అరగదీసి పట్టు వేయమన్నారు. ఇంట్లో విడి చెక్క లేదు, బొమ్మ ఉంది. మా అవ్వ దాని పాదాలను సానరాయి మీద నీళ్ళు చిలకరించి అరగదీసి ఆ ఎర్రటి గంధం దవడలకు పట్టించింది. అప్పట్నుంచి వీధిలో ఎవరికి వాపొచ్చినా, తలనొప్పి వచ్చినా, ఎండకు పిల్లల ఒళ్ళు పేలినా బొమ్మ కోసం వచ్చేవాళ్ళట. ఇచ్చేటప్పుడు ఒక్కటే షరతు, ఒక పక్కే అరగదీయాలి. అందుకే ఆ ఏటవాలు. "మరి ముక్కు?" అంటే, "అది మీ మామ తిన్నాడు. పండ్లొచ్చేటప్పుడు దాన్ని నోట్లోంచి తీస్తే ఏడుపే" అంది. మా మామకు ఇప్పుడు అరవై దాటాయి, పై పళ్ళు కట్టుడువి. పండక్కి వచ్చినప్పుడు ఆ బొమ్మ చూపించి ఆటపట్టిస్తుంటాం.

గవదబిళ్ళలకు చెక్క గంధం వైద్యమని నేను చెప్పట్లేదు, డాక్టరుకే చూపించండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి ఇప్పటి పసిపిల్లల నోటికి ఆ బొమ్మ అందనివ్వొద్దు కూడా. నేను చెప్పేది వేరే. మీ బొమ్మ అరిగిన చోట్లను వేలితో తడిమి చూడండి. అరుగుదల ఒకే వైపుకు, నున్నగా ఉంటే అది ఎవరో చేతులారా వాడిన గుర్తు. పొడిగా, గరగరలాడుతూ, పెచ్చులూడుతుంటే అది జబ్బు. రెండోదానికే వైద్యం.

మీది తిరుపతి బొమ్మేనా అన్నది బరువు చూస్తే కొంత తెలుస్తుంది. కొండపల్లి బొమ్మను పొణికి కర్రతో చేస్తారు, చేతిలో పెట్టుకుంటే బరువే ఉండదు. ఏటికొప్పాకది అంకుడు కర్ర, తరిణి మీద, అంటే చెక్కను గిరగిరా తిప్పే యంత్రం మీద పట్టి లక్క రంగులు పూస్తారు, గుండ్రంగా మెరుస్తుంది. మన వైపు రాజారాణి బొమ్మ ఒకే ఎర్రచందనం దుంగముక్కలోంచి చెక్కినది, సైజుకు మించిన బరువుంటుంది. దాని చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క, నీళ్ళలో మునిగేంత బరువు. అలాగని పరీక్షకు నీళ్ళలో వేయకండి! తమిళం వైపు వీటినే మరపాచి బొమ్మలంటారు, మనవాళ్ళలోనూ కొందరు ఆ మాటే వాడతారు. పెళ్ళికూతురి సారెలో జంటగా పెట్టేవాళ్ళు. మా రాణి కూడా అవ్వవాళ్ళ అమ్మ పెళ్ళికి తిరుపతిలో కొన్నదేనని పెద్దమ్మ మాట. అదే సంచిలో లక్కపిడతలు కూడా వచ్చాయట, అవి పిల్లల ఆటల్లో ఎప్పుడో పోయాయి.

ముక్కు విషయం. నాకూ మొదట అదే కోరిక పుట్టింది. శ్రీకాళహస్తి దగ్గర, ఏర్పేడు మండలంలో మాధవమాల అనే ఊరుంది, కొయ్య చెక్కడానికి పేరు పడ్డ ఊరు. బొమ్మను సంచిలో వేసుకుని అక్కడికి వెళ్ళాను. ఒక పెద్దాయన అరచేతిలో పెట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. "ముక్కు పెట్టేది కాదమ్మా, మిగిల్చేది. ఇప్పుడు ముక్కు లేవాలంటే చుట్టూ ఉన్న చెంపలు, నుదురు అన్నీ లోపలికి తీసేయాలి. అప్పుడు తల నిమ్మకాయంత అవుతుంది. వేరే చెక్కతో అతికించమంటే అతికిస్తా, అది ఈమె ముక్కు కాదు" అన్నాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. తిరుగు బస్సులో సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన కావాలంటే నాలుగైదు వేలు చెప్పి పని చేసేసి ఉండొచ్చు.

వార్నిష్ సంగతి కావాలంటే మా రాజును చూడాలి. జంటలో రాజు పలమనేరులో మా పిన్నమ్మ ఇంట్లో ఉన్నాడు. కొడుకు ముచ్చటపడి ఫర్నిచర్ పాలిష్ చేసే చోట ఇచ్చి నిగనిగలాడేలా చేయించాడు. గరుకు కాగితం పట్టేసరికి మీసం సగం పోయింది, పై పూత ఏడాదికే పసుపురంగుకు తిరిగింది. పక్కన పెట్టి చూస్తే నిన్న బజార్లో కొన్నట్టున్నాడు. వేసిన వార్నిష్ తీయాలంటే మళ్ళీ ద్రావకాలే వాడాలి, వాటితోపాటు చెక్క రంగూ పోతుంది. నూనె కూడా వద్దు. మా పెద్దమ్మ దసరాకు దసరాకు నువ్వులనూనె రాసేది. ఆ నూనె దుమ్మును పట్టుకుని జడ పాయల్లో నల్లటి జిగురులా గట్టిపడింది. దాన్ని గీకలేదు, అలాగే ఉంచాను.

ఇక బెజ్జాలు. ఎర్రచందనం చేవను పురుగు మామూలుగా ముట్టదు. పైనుండే తెల్లచెక్క ఏ కొంచెం మిగిలినా దాన్ని తింటుంది. మా రాణికి ఒక భుజం మీద అలాంటి లేత పట్టీ ఉంది, గుండుసూది తలంత బెజ్జాలు ఏడు. బొమ్మ కింద నల్లకాగితం పరిచి పది రోజులు కదపకుండా ఉంచాను. కాగితం మీద గోధుమపిండిలాంటి పొడి రాలింది. అంటే లోపల పురుగు బతికే ఉంది. పొడి రాలకపోతే అవి పాత బెజ్జాలే, వదిలేయండి.

బతికి ఉంటే మందు కొట్టకండి, రంగులు పోతాయి. నేను చేసింది ఇది: బొమ్మను మెత్తటి కాగితంలో చుట్టి, రెండు ప్లాస్టిక్ కవర్లలో గాలి వీలైనంత తీసేసి టేపు వేసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచాను. మైనస్ 18 డిగ్రీలు ఉండాలి, పాత సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో పైన ఉండే ఐస్ అర అంత చల్లబడదు. బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా గదిలో ఉంచాలి. తొందరపడి విప్పితే చెమ్మ బొమ్మ మీదే పడుతుంది. రంగు పెచ్చులుగా లేస్తుంటే మాత్రం ఈ పద్ధతి వద్దు, మ్యూజియంలో పాత వస్తువులు చెడిపోకుండా చూసే కన్జర్వేటర్ ఎవరినైనా అడగండి. ఆ రెండు వారాలు మా అత్తగారు ఐస్ కోసం ఫ్రీజర్ తెరిచినప్పుడల్లా "రాణిగారు లేచారా?" అని అడిగేవారు. తర్వాత మళ్ళీ నల్లకాగితం పరిచాను. పొడి రాలలేదు.

రోజువారీ జాగ్రత్త పెద్దగా ఏమీ లేదు. నీళ్ళరంగులు వేసే మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం, ఉతికి ఉతికి మెత్తబడ్డ పంచె గుడ్డలో చుట్టడం. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కాబట్టి ఆ నెలల్లో ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఉంచకండి, బూజు పడుతుంది. కిటికీ ఎండ పడే షోకేసు కూడా వద్దు, రంగు వెలిసిపోతుంది.

డబ్బు విషయం సూటిగా చెప్తాను. పాత సామాన్లు కొనే అతనికి ఒకసారి ఫోటో చూపించాను, "ముఖమే లేదు కదక్కా" అని నాలుగు వందలన్నాడు. నాకు నవ్వొచ్చింది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం ఇలాంటి వస్తువు పురావస్తువు అనిపించుకోవాలంటే కనీసం నూరేళ్ళు నిండాలి. మా లెక్కన రాణికి తొంభై దాటలేదు. మీ బొమ్మకు నూరు నిండి ఉంటే దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరమే. నిండకపోయినా అది ఎర్రచందనమని మర్చిపోకండి. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా పెరగని చెట్టు, 1995 నుంచి సైటిస్ జాబితాలో ఉంది, అంటే ముప్పున్న మొక్కలు, జంతువులను దేశాలు దాటించడాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం జాబితా. ఎయిర్‌పోర్టులో ఆపి అడిగితే "అమ్మమ్మ బొమ్మ" అంటే ఒప్పుకోరు. మీ అక్కను ముందు అటవీశాఖ వాళ్ళను, కస్టమ్స్ వాళ్ళను అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే సూట్‌కేసు సర్దమనండి.

కొలువు సంగతి ఆనవాయితీని బట్టి ఉంటుంది. మా పుట్టింటిది సేద్యం ఇల్లు, కొలువు అలవాటు లేదు. అత్తగారింట్లో ఉంది. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదంటారు కదా అని నేను వెనకాడితే, మా అత్తగారు "ఇది దేవుడి విగ్రహం కాదు, ఇంటి ఆడబిడ్డ" అని తన పాత జరీ రవికె అంచు కత్తిరించి చీర కట్టారు. పై మెట్టు మీద వెనక గోడకు ఆనించి నిలబెట్టాం. పోయిన దసరాకు పలమనేరు నుంచి రాజునూ రప్పించాం. ఒకప్పుడు ఇద్దరూ సమానమేనట, ఇప్పుడు రాణి అతని భుజం దాకానే వస్తోంది. పేరంటానికి వచ్చిన పిల్ల ఒకతె "రాణి కూర్చుందా ఆంటీ?" అని అడిగింది.

మీరు ఇప్పుడే చేయాల్సింది ఒక్కటే. నల్లకాగితం పరిచి దాని మీద బొమ్మను పెట్టండి. పది రోజుల తర్వాత పొడి రాలిందో లేదో ఇక్కడ రాయండి, అడుగు భాగం ఫోటో కూడా పెట్టండి. నున్నగా అరిగిందా, పుచ్చిందా అన్నది మా పెద్దమ్మకు చూపించి చెప్తాను, ఆమె కంటికి తెలిసినంత నాకు తెలియదు.