గణితంలో పీహెచ్‌డీకి ఫ్రెంచ్ రావాలా?

ప్రశ్న: వరంగల్‌లో ఎమ్మెస్సీ గణితం చివరి సంవత్సరం చదువుతున్నాను. అమెరికాలో పీహెచ్‌డీ చేయాలంటే ఫ్రెంచ్ గానీ జర్మన్ గానీ వచ్చి ఉండాలని మా సీనియర్ అన్నారు. ఒక ఏడాది ఆగి, భాష నేర్చుకున్నాకే దరఖాస్తు చేయాలా?

జవాబు: ఆగనక్కరలేదు. మీ సీనియర్ చెప్పిన నిబంధన ఉన్నచోట కూడా అది ప్రవేశానికి పెట్టిన అర్హత కాదు, చేరిన తరువాత పట్టా చేతికొచ్చేలోగా తీర్చవలసిన షరతు. ఒకప్పుడు ఫ్రెంచ్, జర్మన్, రష్యన్‌లలో రెండింటిని అడిగిన గణిత విభాగాలు ఉండేవి; తరువాత కొన్ని ఒక భాషతో సరిపెట్టాయి, ఎన్నో విభాగాలు నిబంధననే ఎత్తివేశాయి. ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ వారికి సాధారణంగా ఈ బెడద లేదు.

పరీక్ష కూడా మీరు భయపడేంతటిది కాదు. మాట్లాడించరు, గణిత గ్రంథంలోని ఒకటి రెండు పేజీలు ఇచ్చి ఇంగ్లీషులోకి అనువదించమంటారు, నిఘంటువు దగ్గర పెట్టుకోనిచ్చే చోట్లూ ఉన్నాయి. అయితే చిక్కంతా తెలిసినట్టే కనిపించే మాటలతోనే వస్తుంది. ఫ్రెంచ్ గణితంలో 'పొజిటిఫ్' అంటే సున్నా కూడా కలుస్తుంది, సున్నాను మినహాయించాలంటే 'స్ట్రిక్త్‌మాఁ పొజిటిఫ్' అని విడిగా రాస్తారు. ఈ తేడా గమనించకపోతే అనువాదం సాఫీగానే ఉంటుంది, సిద్ధాంతం మాత్రం తప్పుతుంది. బీజగణితంలో క్షేత్రాన్ని (ఇంగ్లీషులో 'ఫీల్డ్') జర్మన్లు 'క్యోర్పర్', అంటే శరీరం, అంటారు. మీ పుస్తకాల్లో క్షేత్రానికి 'కె' అక్షరం తరచుగా కనిపించడం అందుకే. జర్మన్ ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుంది కనుక, ఆ అమరిక ఇంగ్లీషువారి కంటే మనకే తేలికగా అలవాటవుతుందని నా అభిప్రాయం.

మీరు బీజీయ జ్యామితి వైపు వెళ్లదలిస్తే, షరతు ఉన్నా లేకపోయినా ఫ్రెంచ్ చదవడం నేర్చుకోండి. 1960లలో గణితవేత్త గ్రోతెన్‌డీక్ ఆ శాస్త్రాన్ని కొత్తగా కట్టింది ఆ భాషలోనే. జర్మనీకి వెళ్లేవారి సంగతి వేరు: అక్కడ పరిశోధన చాలాచోట్ల ఇంగ్లీషులోనే సాగినా, అద్దె ఒప్పందం చదువుకోవడానికైనా ఏ2 స్థాయి, అంటే రోజువారీ అవసరాలకు సరిపడే ప్రాథమిక స్థాయి, జర్మన్ ఉంటే మంచిది.

ప్రస్తుతానికి టోఫెల్ లేదా ఐఈఎల్‌టీఎస్, జీఆర్‌ఈలలో మీరు ఎంచుకున్న విభాగాలు అడిగినవి పూర్తి చేసి, డిసెంబరు ప్రాంతంలో ముగిసే గడువుల్లోగా దరఖాస్తులు పంపండి. భాషా షరతు ఉందో లేదో ఆ విభాగపు పీహెచ్‌డీ నియమావళిలోనే ఉంటుంది. సీటు వచ్చి, ఏప్రిల్ 15 లోగా మీ అంగీకారం తెలిపాక, ఆగస్టులో విమానం ఎక్కేవరకు దొరికే నాలుగు నెలలు చదివి అర్థం చేసుకునే పాటి ఫ్రెంచ్‌కు మంచి పునాది వేసుకోవడానికి సరిపోతాయి.