గాయానికి ఇన్ఫెక్షన్ సోకిందో లేదో స్ట్రిప్ టెస్ట్‌తో అక్కడికక్కడే తెలుస్తుందా?

కొంతవరకు తెలుస్తుంది, కానీ స్ట్రిప్ ఒక్కటే చూసి ఇన్ఫెక్షన్ ఉందని గానీ లేదని గానీ తేల్చలేం.

ఈ చవక టెస్టుల్లో చాలావరకు బ్యాక్టీరియాను నేరుగా వెతకవు. క్రిములతో పోరాడటానికి వచ్చిన తెల్ల రక్తకణాలు ఎలాస్టేజ్, మైలోపెరాక్సిడేజ్ లాంటి ఎంజైములు వదులుతాయి. కాగితం మీద రసి చుక్క పడితే వాటిని బట్టి రంగు మారుతుంది. మరికొన్ని పీహెచ్, అంటే ఆమ్ల-క్షార స్థాయి చూస్తాయి. మామూలు చర్మానిది 4 నుంచి 6 మధ్య ఉంటే, మానని పుండులో తరచూ 7 దాటుతుంది. ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకు రెండు మూడు రోజులు పడితే ఇక్కడ నిమిషాల పని. చిక్కల్లా ఏమిటంటే, ఇన్ఫెక్షన్ లేని వాపులోనూ ఆ ఎంజైములు పెరుగుతాయి.

షుగర్ ఉన్నవారి కాలి పుండునే తీసుకోండి. నరాలు దెబ్బతిని నొప్పి తెలియదు, రక్తప్రసరణ తగ్గితే ఎరుపూ సరిగా కనిపించదు. అలాంటప్పుడు స్ట్రిప్ రంగు మారితే డాక్టర్‌కు అదొక హెచ్చరిక. అంతే, తీర్పు కాదు.

చాలామంది పొరపడేది ఇంకోచోట: పుండు నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాలో (స్వాబ్) క్రిములు కనిపిస్తే ఇన్ఫెక్షనే అనుకుంటారు. తెరిచి ఉన్న పుండు మీద క్రిములు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. అవి కణజాలంలోకి చొరబడి వేడి, వాపు, నొప్పి, చీము లాంటివి తెప్పిస్తేనే దాన్ని ఇన్ఫెక్షన్ అంటారు. కల్చర్ అసలు ఉపయోగం, ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పడం.