గుంటూరు మాటతో జగిత్యాల బ్రాంచిలో: కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడాలి?

మీరు అడిగింది ఇదీ: సొంతూరు గుంటూరు పక్కన, పోస్టింగు జగిత్యాల దగ్గర బ్యాంకు బ్రాంచిలో. కస్టమర్లు "నువ్వు" అంటున్నారు, మీరెంత మర్యాదగా మాట్లాడినా దూరంగానే ఉంటున్నారు, ఇక్కడి యాస నేర్చుకోవాలా అని. ఈ జిల్లాల్లో కౌంటర్ పనిలో తెలిసినంతవరకు చెబుతాను.

యాస పట్టుకునే ప్రయత్నం చేయకండి. ఎన్నో ఏళ్లు సినిమాల్లో తెలంగాణ మాటను రౌడీలకీ హాస్యగాళ్లకీ అంటగట్టారు. ఆ బాధ తెలంగాణ ఉద్యమంలో గట్టిగా వినిపించింది, 2014లో రాష్ట్రం వచ్చినంత మాత్రాన పోలేదు. గుంటూరు గొంతులోంచి "గట్లనా" అని వస్తే, మీరెంత ప్రేమగా అన్నా అది వెక్కిరింపులాగే తగులుతుంది. మీ మాట మీరే మాట్లాడండి, కాస్త నెమ్మదిగా. మార్చుకోవాల్సింది వినే తీరు, వస్తువులకు వాడే పేర్లు.

ముందు వినే తీరు. ఇక్కడ మర్యాద క్రియ చివర "-ండ్రి"లో ఉంటుంది: రాండ్రి, కూసోండ్రి, జెర చూడుండ్రి. మీ చెవి "అండీ" కోసం వెతుకుతుంది. అది దొరక్కపోయేసరికి మర్యాదే లేదనుకుంటారు. పెద్దావిడ "ఏం బిడ్డా, ఎట్లున్నవ్" అంటే మిమ్మల్ని దగ్గరికి తీసుకున్నట్టే. కన్నతండ్రిని కూడా నువ్వు అనే ఇళ్లు ఇవి. అయితే మీరు తిరిగి నువ్వు అనకూడదు. "మీరు" ఉంచి, అవ్వా, తాతా, అన్నా, అక్కా చేర్చండి. "ఏమండీ", "మేడమ్ గారూ" అంటే దూరం పెట్టినట్టు ఉంటుంది. తండ్రి వయసు మనిషిని "బాబూ" అని పిలిస్తే ఇంకా చేటు.

పేర్ల దగ్గర పొరపాటు జరిగితే నష్టం డబ్బులోనే కనిపిస్తుంది. మీకు ఎకరానికి 100 సెంట్లు, ఇక్కడ 40 గుంటలు, అంటే గుంటకు రెండున్నర సెంట్లు. రైతు "ఎకరం ఇర్వై గుంటలు" అంటాడు, పట్టాదారు పాసుపుస్తకంలో 1.20 అని ఉంటుంది. దాన్ని అలాగే దశాంశంగా ఎక్కిస్తే ఎకరంన్నర పొలం కాస్తా 12 గుంటలు తగ్గిపోతుంది. పంట రుణం ఎకరాల లెక్కన ఇస్తారు కాబట్టి అప్పు కూడా తగ్గుతుంది. గుంటల్ని 40తో భాగించాకే ఎక్కించండి. వడ్డీని మిత్తి అంటారు. ఊళ్లో మిత్తి నూటికి నెలకింత అని లెక్క. మీరు "ఏడు శాతం" అంటే నెలకు ఏడు రూపాయలనుకుని వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారు. "నూటికి ఏడాదికి ఏడు, నెలకు 58 పైసలు" అని చెప్పండి. దస్కతు అంటే సంతకం, జమానతు అంటే పూచీ, బేస్తవారం అంటే గురువారం. మళ్లీ రమ్మన్నప్పుడు వారంతో పాటు తారీఖు కూడా రసీదు వెనక రాసివ్వండి.

ఇక మనుషుల సంగతి. ఇక్కడ ఒకే మనిషిలో మూడు ఊళ్లు ఉంటాయి. ఇంట్లో తెలుగు, మహారాష్ట్రలోని భివండీలో మగ్గం మీద హిందీ, మరాఠీ, ఆ తర్వాత దుబాయ్. అలాంటివాళ్లు క్షేమసమాచారం తెలుగులో అడిగి, పైసల విషయం హిందీలోకి మార్చేస్తారు. మీరూ వాళ్ల వెంటే మారండి, వాళ్లకంటే ముందు మారకండి. ముఖ్యంగా బురఖా చూసో పేరు చూసో హిందీ మొదలుపెట్టవద్దు. చక్కని తెలుగు మాట్లాడే ముస్లింలు ఊరూరా ఉన్నారు, వాళ్లను సొంత ఊళ్లోనే పరాయివాళ్లను చేసినట్టవుతుంది. నమస్తే అని ఆగండి, మొదటి వాక్యం వాళ్లనే ఎంచుకోనివ్వండి. హిందీ అయితే "ఆప్" తప్ప "తుమ్" వద్దు. మన దక్కనీ ఉర్దూలో "కల్" నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. "పర్సోం" అంటే మొన్నే కానక్కర్లేదు, కిందటేడు కూడా కావచ్చు. ఏటీఎంలో డబ్బు పోయిందన్న ఫిర్యాదులో తేదీని ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చూసే రాయండి.

గల్ఫ్ ఇళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. పని మీద బయటి దేశం వెళ్లి అక్కడే ఉంటున్నవారి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే ఎన్నారైలకుండే రూపాయి ఖాతాగా, మార్చాలి. కానీ "మీ ఆయన ఎన్నారైయా?" అని అడిగితే "కాదు" అంటారు, అందులో అబద్ధమేమీ లేదు. వాళ్ల లెక్కలో ఎన్నారై అంటే అమెరికా సాఫ్ట్‌వేర్ ఆయన. "దుబాయ్, మస్కట్, సౌదీ ఎక్కడైనా పనిలో ఉన్నారా?" అని అడగండి. "ఆజాద్ వీసా" అంటే పేరుకు ఒక కఫీలు (వీసా ఇచ్చిన అక్కడి యజమాని), పని వేరేచోట. "ఖల్లివెల్లి" అంటే కఫీలు దగ్గర్నుంచి బయటపడి కాగితాలు లేకుండా ఉన్నవాడు. ఆ మాట క్యూలో నలుగురి ముందు ఆడమనిషి చేత చెప్పించకండి, కుర్చీ వేసి పక్కన కూర్చోబెట్టి అడగండి. ఆ ఇంటి అప్పూ, పొలమూ, పిల్లల చదువూ నడిపేది ఆవిడే. ఖాతా ఆవిడదే అయినప్పుడు "ఇంట్లో మగవాళ్లను తీసుకురండి" అనడం అన్యాయం, అది ఏ రూలులోనూ లేదు.

తండాల నుంచి వచ్చేవాళ్లకు తెలుగు రెండో భాష. చిన్న వాక్యాలు చాలు, గొంతు పెంచనక్కర్లేదు.

"మీది ఏడ సార్?" అని తప్పకుండా అడుగుతారు. గుంటూరని దాచకుండా చెప్పండి, రెండో మాటకే తెలిసిపోతుంది. "ఏమోళ్లు?" అంటే మాత్రం కులం అడిగినట్టు. కోప్పడకుండా ఊరి పేరే మళ్లీ చెప్పి, పాసుపుస్తకం కోసం చెయ్యి చాచండి. చాలామంది రెండోసారి అడగరు.